దస్తావేజులో హద్దులు రాయించుకునేటప్పుడు

పెందుర్తి, మధురవాడ వైపు స్థలాలు కొని మా దగ్గరకు దస్తావేజు రాయించడానికి వచ్చేవాళ్లు గజాలూ, రేటూ గడగడా చెప్పేస్తారు. హద్దులడిగితే మాత్రం ‘పాతదాంట్లోవే దించెయ్యండి’ అంటారు. ఆ పని చేయించకండి. కాగితం మీద 200 గజాలుండి, హద్దుల మధ్య కొలిస్తే 190 తేలితే, కోర్టులు సాధారణంగా విస్తీర్ణం కంటే హద్దులకే విలువిస్తాయి.

షెడ్యూలులో, అంటే దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే భాగంలో, హద్దు అంటే మీ స్థలానికి ఆనుకుని అవతల ఏముందో అది. ప్రహరీ మీదే అయితే ‘పశ్చిమం: ప్రహరీ’ అని రాయకూడదు. అది మీ స్థలంలోదే కదా! గోడ దాటాక ఉన్న ప్లాట్ నంబరు రాయాలి. గోడ ఇద్దరిదీ అయితే ‘ఉమ్మడి గోడ’ అని తేల్చేయండి.

మేం రాసే వరస ఇది:

తూర్పు: 30 అడుగుల రోడ్డు
దక్షిణం: ప్లాట్ నం. 18
పశ్చిమం: ప్లాట్ నం. 25
ఉత్తరం: ప్లాట్ నం. 16

కింద కొలతలు: తూర్పు పడమరలు 60 అడుగులు, ఉత్తర దక్షిణాలు 30 అడుగులు. వెరసి 1800 చదరపు అడుగులు, 9తో భాగిస్తే 200 గజాలు. ఈ లెక్క అక్కడే వేసి చూసుకోండి.

దిక్కులు నోటిమాటగా చెప్పొద్దు. విశాఖలో సముద్రమంటే తూర్పే అనుకుంటారు గానీ మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. బీచ్ రోడ్డు దగ్గర సముద్రం ఆగ్నేయం వైపుంటుంది. స్థలంలో నిలబడి ఫోన్‌లో దిక్సూచి చూడండి.

పాత దస్తావేజుల్లో ‘ఫలానావారి స్థలం’ అని ఉంటుంది. ఆయన ఎప్పుడో అమ్మేసి ఉంటాడు. పాత పేరు కొట్టేయకుండా ‘గతంలో ఫలానావారిది, ప్రస్తుతం ఫలానావారిది’ అని రాయించండి. పట్టణాల్లో ఇళ్లకైతే ఇప్పుడెవరున్నారో, ఇంతకుముందు ఎవరున్నారో చెప్పమని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షనే అంటోంది.

ఫ్లాట్‌కి హద్దులు రెండుసార్లు వస్తాయి: మొత్తం స్థలానికి ఒకసారి, మీ ఫ్లాట్‌కి ఒకసారి. రెండోదాంట్లో ‘ఓపెన్ టు స్కై’ అని చూసి కంగారు పడకండి. ఆ పక్క ఖాళీ వదిలారని అర్థం. బాల్కనీ పెంచుకోమని కాదు!

సంతకానికి ముందు డ్రాఫ్టు తీసుకెళ్లి స్థలంలో నిలబడి చదవండి. తర్వాత తప్పు దొరికితే సవరణ దస్తావేజు రాయాలి, దానికి అమ్మినాయన మళ్లీ రావాలి. ఆయన అప్పటికి ఏ అమెరికాలోనో కొడుకు దగ్గరుంటాడు.