ఒకే ఓడలో వరసగా రెండు క్రూయిజ్‌లా? మధ్యలో వచ్చే ఆ ఒక్క రోజుకు జాగ్రత్తలు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళను ఈమధ్య పిల్లలు క్రూయిజ్ ఎక్కిస్తున్నారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ రేవుల నుంచి కరీబియన్ దీవులకు వెళ్ళే ఓడలు ఎక్కువ. ఒక వారం తూర్పు దీవులు, ఇంకో వారం పడమటి దీవులు, రెండూ అదే ఓడలో వరసగా బుక్ చేసేస్తారు. రోజూ పెట్టె సర్దే పని లేదు, హోటళ్ళు మారే పని లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఇంత సుఖమైన ప్రయాణం ఇంకొకటి లేదని నా నమ్మకం. ఎవరడిగినా వెళ్ళమనే చెప్తాను.

అయితే ఆ రెండు యాత్రల మధ్య ఓడ బయల్దేరిన రేవుకే తిరిగొచ్చి ఆగే రోజు ఒకటి ఉంటుంది. టర్న్‌అరౌండ్ డే అంటారు. తెల్లవారుజామున రేవు చేరుతుంది, సాయంత్రం నాలుగైదింటికల్లా మళ్ళీ కదులుతుంది. ఆలోపల పాత ప్రయాణికులు దిగాలి, కొత్తవాళ్ళు ఎక్కాలి, గదులన్నీ శుభ్రం చేయాలి, వారానికి సరిపడా సరుకులు లోపలికి చేరాలి. ఐకన్ ఆఫ్ ది సీస్ లాంటి పెద్ద ఓడ నిండితే ప్రయాణికులే 7 వేలు దాటతారు. అంతమంది దిగి, అంతమంది ఎక్కే రోజది.

"మనం దిగేది లేదు కదమ్మా, ఈడనే పడుకోనుంటా" అంటారు మనవాళ్ళు. ఇబ్బందులన్నీ ఆ మాట దగ్గరే మొదలవుతాయి. గది అదే, మంచం అదే. కానీ ఓడ కంపెనీ లెక్కలోనూ, ఇమిగ్రేషన్ లెక్కలోనూ మీ మొదటి ప్రయాణం అయిపోయింది, రెండోది ఇంకా మొదలు కాలేదు. బిల్లు, గది కార్డు, భోజనం ఏర్పాట్లు, దేశంలోకి ప్రవేశం అన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. మీరు కూడా ఓడ దిగి ఎక్కాల్సిందే.

ఊళ్ళో ఉండగానే

అన్నిటికన్నా ముందు వీసా. దీవులకు వెళ్ళి అమెరికా రేవుకు తిరిగొచ్చిన ప్రతిసారీ మీరు ఆ దేశంలోకి కొత్తగా ప్రవేశిస్తున్నట్టే. రెండు క్రూయిజ్‌లంటే రెండు ప్రవేశాలు. మనవాళ్ళకు ఇచ్చే బీ1/బీ2 విజిటర్ వీసా మామూలుగా పదేళ్ళది, ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు. అయినా వీసా కాగితం మీద ఎంట్రీస్ అన్నచోట 'ఎమ్' అక్షరం ఉందో లేదో కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి చూడండి. పాస్‌పోర్టు గడువు రెండో యాత్ర ముగిశాక కూడా ఆరు నెలలు మిగలాలని లెక్క వేసుకోండి. తక్కువ పడితే తిరుపతిలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, బయల్దేరే ముందే కొత్తది తీసుకోవచ్చు.

తల్లిదండ్రుల వీసా చూసి పిల్లలు తమ సంగతి మరిచిపోతారు. హెచ్-1బీ మీద ఉన్న అబ్బాయికో అమ్మాయికో పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంటే, కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్ళి రావడానికి ఉన్న వెసులుబాటు కరీబియన్ దీవులకు వర్తించదు. అలాంటి పరిస్థితి ఉంటే టికెట్ కొనక ముందే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఆ కార్డును ఓడలోకి తెచ్చుకోవాలి.

యూరప్ వెళ్ళేవాళ్ళకు ఇంకో చిక్కు. చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చి ఉంటే, గ్రీకు దీవులు చూసి, ఆ వీసా పరిధిలో లేని టర్కీలోని కుషాదాసిలో ఆగి, మళ్ళీ గ్రీసుకు వచ్చే ఓడ మీకు పనికిరాదు. సింగపూరు నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు వెళ్ళే ఓడలకూ మల్టిపుల్ ఎంట్రీ వీసాయే కావాలి. సింగపూరు అరైవల్ కార్డు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం, దానికి డబ్బు అడిగేవాళ్ళను నమ్మొద్దు.

ఇక పేర్లు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టికెట్ బుక్ చేసేవాళ్ళు ఒక అక్షరంతో సరిపెడతారు. మొదటి యాత్ర కూతురు, రెండోది కొడుకు బుక్ చేసినచోట రెండు రకాల పేర్లు పడడం మామూలే. రెండు బుకింగుల్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా పేరు ఉండాలి. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి రెండు బుకింగులనూ కలపమని అడగాలి. అలా కలిపితేనే టర్న్‌అరౌండ్ రోజు అదే ఓడలో కొనసాగేవాళ్ళ జాబితాలో మీ పేరు వస్తుంది. వీల్‌చెయిర్, శాకాహారం, జైన్ భోజనం లాంటివి కూడా రెండు బుకింగుల్లో విడివిడిగా రాయించాలి. మొదటి వారం ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండి పెట్టారు కదా, రెండో వారం వాళ్ళకే తెలుస్తుందిలే అనుకుంటే కుదరదు.

అలాస్కా వైపు రెండు యాత్రలు కలుపుకునేవాళ్ళు 1886 నాటి ఒక అమెరికా చట్టం తెలుసుకోవాలి. విదేశీ జెండా ఉన్న ఓడ, దూరంలో ఉన్న విదేశీ రేవు ఒకటైనా తాకకుండా, ఒక అమెరికా రేవులో ఎక్కినవాళ్ళను ఇంకో అమెరికా రేవులో దించకూడదు. శాన్‌డియేగో నుంచి వాంకూవర్ ఒక యాత్ర, అదే ఓడలో వాంకూవర్ నుంచి అలాస్కాలోని సీవర్డ్ ఇంకో యాత్ర. విడిగా చూస్తే రెండూ సబబే. కలిపితే తప్పు, ఎందుకంటే ఈ చట్టం దృష్టిలో కెనడా దూరపు దేశం కాదు. అలాంటి జత బుకింగును కంపెనీ తర్వాతైనా రద్దు చేస్తుంది, కాబట్టి విమానం టికెట్లు కొనే ముందే అడగండి.

మందులు రెండు యాత్రలకూ సరిపడా, పైన ఇంకో వారానికి వచ్చేలా తీసుకెళ్ళాలి. రేవులో ఓడ ఆగుతుంది కదా, అక్కడ కొనుక్కుందాం అనే ఆలోచన వద్దు. తిరుపతి డాక్టరు చీటీ చూపిస్తే అమెరికాలో మందుల షాపువాళ్ళు మందులివ్వరు. బ్రాండు పేర్లు కాకుండా మందు అసలు పేర్లతో డాక్టరు దగ్గర ఒక చీటీ రాయించుకోండి, ఓడలో డాక్టరుకు అది పనికొస్తుంది. ఓడ ఆసుపత్రి ఉచితం కాదు, బిల్లు మీ ఖాతాలోనే పడుతుంది. ఇన్సూరెన్స్ తేదీలు రెండు యాత్రలనూ, మధ్య రోజునూ కలుపుకుని ఉండాలి, పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి చూడాలి.

ఎలక్ట్రిక్ కుక్కరు, నీళ్ళు కాచే కెటిల్, ఇస్త్రీ పెట్టె ఓడల్లో నిషేధం. మొదటిసారి తనిఖీలో తప్పించుకున్నా, టర్న్‌అరౌండ్ రోజు తిరిగి ఎక్కేటప్పుడు మళ్ళీ తనిఖీ ఉంటుంది.

చివరి రాత్రి

మొదటి యాత్ర ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు మీ గదికి ఒక కాగితమో, ఓడ యాప్‌లో సందేశమో వస్తుంది. టర్న్‌అరౌండ్ రోజు ఎన్ని గంటలకు, ఏ లాంజ్‌లో చేరాలో అందులో ఉంటుంది. రాకపోతే ఊరుకోకండి, గెస్ట్ సర్వీసెస్ కౌంటరుకు వెళ్ళి అడిగి తీసుకోండి.

ఆ రాత్రి వరండాలో ఒక దృశ్యం కనిపిస్తుంది. ప్రతి గది ముందూ రంగురంగుల కాగితపు ట్యాగులు కట్టిన పెట్టెలు వరసగా పెట్టి ఉంటాయి. దిగిపోయేవాళ్ళ సామాను అది, రాత్రికి రాత్రే కిందికి చేర్చి తెల్లారి టెర్మినల్ హాల్లో దించుతారు. మీ గదిలో కూడా ఒక్కోసారి ఆ ట్యాగులు పెట్టి వెళ్తారు. చూసి, అందరూ పెడుతున్నారు కదా అని మీరు కూడా పెట్టె బయట పెట్టొద్దు. మా పిన్ని అలాగే పెట్టేసింది. చీరలు, స్వెట్టరు, బీపీ మాత్రలు అన్నీ ఆ పెట్టెలోనే. పొద్దున కట్టుకున్న చీరతోనే టెర్మినల్ హాల్లో వేల పెట్టెల మధ్య వెతుక్కోవాల్సి వచ్చింది. గది మారనివాళ్ళ సామాను ఎక్కడున్నది అక్కడే ఉండొచ్చు.

గది మారేవాళ్ళు మాత్రం సర్దుకోవాలి. పాత గదిని ఉదయం త్వరగా ఖాళీ చేయమంటారు, కొత్తది మధ్యాహ్నానికి గాని సిద్ధం కాదు. పెట్టెలను మీ గది చూసుకునే స్టివార్డ్ చేరుస్తాడు, హ్యాంగర్లకు తగిలించిన బట్టలు అలాగే మోసుకెళ్తాడు. మీరు స్వయంగా చూసుకోవాల్సినవి రెండు. ఒకటి లాకరు: అందులో నగలు, పాస్‌పోర్టులు, డబ్బు పెట్టి మూసేసి మరిచిపోతారు. రెండోది చిన్న ఫ్రిజ్: ఇన్సులిన్ వాడేవాళ్ళు అది తీసుకోకుండా గది వదలొద్దు.

స్టివార్డుకు చేతికి ఏమైనా ఇవ్వాలనుకుంటే ఆ రాత్రే ఇవ్వండి. చాలామంది సిబ్బంది ఒప్పందాలు టర్న్‌అరౌండ్ రోజునే ముగుస్తాయి. పొద్దున లేచేసరికి వేరే మనిషి ఉండొచ్చు.

బిల్లు కూడా ఆ రాత్రితో ముగుస్తుంది. తప్పులుంటే అప్పుడే చెప్పాలి, పొద్దున కౌంటరు దగ్గర చాలా పెద్ద లైను ఉంటుంది. ఫారెక్స్ కార్డో, డెబిట్ కార్డో ఇచ్చినవాళ్ళు ఇంకో విషయం గమనించాలి. మొదటి యాత్రకు కంపెనీ ముందుగా ఆపి ఉంచిన సొమ్ము వెంటనే విడుదల కాదు, కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా రెండో యాత్రకు మళ్ళీ కొంత ఆపుతారు. కార్డులో డబ్బున్నా వాడుకోలేని పరిస్థితి వస్తుంది. ఓడ ఖాతాకు క్రెడిట్ కార్డు ఇచ్చి, ఫారెక్స్ కార్డును దీవుల్లో ఖర్చుకు ఉంచుకోవడం మేలు.

ఆ ఉదయం

ఓడలో ఆ రోజు టిఫిన్ వేళలు ముందుకు జరుగుతాయి, త్వరగా మూసేస్తారు. షుగరు ఉన్నవాళ్ళు లేచిన వెంటనే తినేయాలి. తర్వాత లాంజ్‌లో కూర్చోవడం గంట కావచ్చు, రెండు గంటలూ కావచ్చు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లో కూర్చున్నట్టే, తలుపు ఎప్పుడు తీస్తారో కూర్చున్నవాళ్ళ చేతుల్లో ఉండదు. ఆలస్యానికి కారణం ఉంది. అమెరికా రేవుల్లో పాత ప్రయాణికులు ఒక్కరు కూడా ఓడలో మిగల్లేదని లెక్క తేలాలి. జీరో కౌంట్ అంటారు. అది తేలితేనే కొత్తవాళ్ళను ఎక్కిస్తారు. స్నానానికి వెళ్ళిన ఒక్క మనిషి గదిలో ఉండిపోయినా లెక్క ఆగిపోతుంది, పేరు పెట్టి మైకులో పిలుస్తారు. చెప్పిన టైముకు లాంజ్‌లో ఉండండి. యూరప్ రేవుల్లో చాలాచోట్ల ఇంత పట్టింపు ఉండదు.

భుజానికి ఒక సంచి తగిలించుకోండి. అందులో పాస్‌పోర్టు, పాత గది కార్డు, ఆ రోజు మాత్రలు, ఇన్సులిన్, కళ్ళజోడు, ఫోను, పలచని శాలువా ఉండాలి. తాగడానికి కాసిన్ని నీళ్ళు, నాలుగు ప్యాకెట్ బిస్కెట్లు. పండ్లు మాత్రం వద్దు. బఫేలో తీసిన ఆపిలో, అరటిపండో సంచిలో ఉండిపోయి టెర్మినల్లోకి దిగితే వ్యవసాయ తనిఖీ అధికారులు పట్టుకుంటారు, వాసన పట్టే కుక్కలు కూడా ఉంటాయి. ఆహారం గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. తిరుమల లడ్డూ అయినా సరే, ప్రసాదమే కదా అని దాచొద్దు.

లాంజ్ నుంచి అందరినీ ఒక గుంపుగా దించుతారు, ఇన్-ట్రాన్సిట్ అని రాసిన కార్డు ఇస్తారు. అది పోగొట్టుకోవద్దు. ఇమిగ్రేషన్ దగ్గర ఫొటో తీస్తారు, పాస్‌పోర్టు చూస్తారు, కొన్నిసార్లు ఎన్నాళ్ళుంటారని అడుగుతారు. తిరుగు విమానం తేదీ గుర్తుంటే చాలు. వీల్‌చెయిర్ కావాల్సినవాళ్ళు ముందు రోజే గుర్తు చేయాలి, ఆ రోజు వీల్‌చెయిర్ తోసే మనుషులకు ఊపిరాడదు.

తిరిగి ఎక్కాక

కొత్తవాళ్ళు రాకముందే మీరు ఓడలో ఉంటారు. ఆ కాసేపు డెక్ మీద జనం ఉండరు, నింపాదిగా కూర్చోవచ్చు. ఊరు చూద్దామని కొందరు బయటికెళ్తారు. పెద్దవాళ్ళకు నేనైతే వద్దంటాను. మళ్ళీ చెకింగు లైనులో వేలమంది కొత్తవాళ్ళతో నిలబడాల్సి వస్తుంది. మధ్యాహ్నం నుంచి వరండాల్లో పెట్టెలు అడ్డం ఉంటాయి, లిఫ్టులు కిక్కిరిసిపోతాయి. కాలు తడబడే వయసువాళ్ళు ఆ రెండు మూడు గంటలు గదిలో నడుం వాల్చడం మంచిది. భోజనానికి వెళ్ళినప్పుడు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

ఫోనులో అమెరికా సిగ్నల్ ఉండగానే పిల్లలతో ఐ-94 రికార్డు (అమెరికాలో ఏ తేదీ దాకా ఉండొచ్చో చూపేది) తీయించి చూసుకోండి. దీవులకు వెళ్ళొచ్చాం కాబట్టి ఆరు నెలలు మళ్ళీ మొదలవుతాయనుకోవద్దు. అధికారి ఇచ్చిన తేదీయే తేదీ. ఓడ కదిలాక ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, సముద్రం మీది రోమింగ్ చాలా ఖరీదు. వైఫై ప్యాకేజీ పాతది అయిపోయి ఉంటుంది, కొత్తది పనిచేస్తోందో లేదో చూసుకోండి. భోజనాల టేబులు నంబరు, వేళ మారి ఉండొచ్చు, సాయంత్రం లోపలే హెడ్ వెయిటరును కలిసి శాకాహారం మాట మళ్ళీ చెప్పండి.

ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపించే మస్టర్ డ్రిల్ మళ్ళీ చేయమంటారు. పోయిన వారమే చేశామని ఎగ్గొట్టొద్దు, గది మారితే చేరాల్సిన చోటు కూడా మారుతుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాతిని గుద్దుకుని 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకు అప్పటికింకా డ్రిల్ జరగలేదు. గది నుంచి ఆ చోటికి మెట్ల దారిన ఒకసారి నడిచి చూడండి, ఎందుకంటే ప్రమాదంలో లిఫ్టు వాడనివ్వరు. మెట్లు దిగలేనివాళ్ళు ఆ సంగతి అక్కడి సిబ్బందికి చెప్పి, సాయం అవసరమైనవాళ్ళ జాబితాలో పేరు రాయించుకోవాలి. మొదటి యాత్రలో రాయించినా సరే, మళ్ళీ రాయించండి.