దేశాన్ని చదవడం ఎలా? – 4వ పాఠం: బోట్స్వానా అధ్యక్షుడికి ఓటేసేది ఎవరు?

పోయిన పాఠంలో ఘనా చూశాం. అక్కడ అధ్యక్షుడికి ఒక బ్యాలెట్, ఎంపీకి ఒక బ్యాలెట్. లెక్క తేలిగ్గానే తేలింది. ఈసారి ఆఫ్రికా దక్షిణ భాగంలోని, కాస్త తికమక పెట్టే దేశం. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి పైన బోట్స్వానా అని రాయండి. కింద ఆ దేశాన్ని ఏలే మనిషి గురించి మన మూడు ప్రశ్నలూ వేసుకోండి. ఈయన ఎక్కణ్నుంచి వచ్చాడు? ఈయన్ని దించాలంటే ఎవరి వల్ల అవుతుంది? ఈయన ఎవరి మాట వినాలి?

కొత్తగా చేరినవాళ్లు ముందు పాఠాలు చదవకపోయినా ఇబ్బంది లేదు. ఏ దేశాన్ని తీసుకున్నా ఈ మూడింటికి జవాబు దొరికితే అక్కడి ప్రభుత్వం సగం పైగా అర్థమైనట్టే.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పేస్తాను. చాలా ఏళ్ల కిందట ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠం చెబుతూ, బోట్స్వానాకు అధ్యక్షుడు ఉన్నాడు కాబట్టి అది అమెరికా తరహా అని బోర్డు మీద రాసేశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మరి అధ్యక్ష ఎన్నిక ఏ తేదీన జరుగుతుంది సార్?" అని అడిగింది. ఇంటికెళ్లి వెతికాను. అలాంటి తేదీ లేదు. మర్నాడు బోర్డు మీద ఆ ముక్క నేనే చెరిపేశాను.

బోట్స్వానాలో జనం వేసేది ఎంపీ ఓటే. మరి అధ్యక్షుడు ఎలా వస్తాడు? కిటుకు నామినేషన్‌లో ఉంది. ఎంపీగా పోటీ చేసే అభ్యర్థి నామినేషన్ వేసేటప్పుడే తాను అధ్యక్ష పదవికి ఎవరిని సమర్థిస్తున్నాడో ప్రకటించవచ్చు. పార్టీ అభ్యర్థులు తమ నాయకుడి పేరే చెబుతారు. కౌంటింగ్ అయ్యాక, గెలిచిన ఎంపీల్లో సగం కంటే ఎక్కువమంది ఎవరి పేరు చెప్పి ఉంటే ఆయనే అధ్యక్షుడు. పార్లమెంటు సమావేశమై మళ్లీ ఓటెయ్యాల్సిన పనిలేదు. ఈ ఎన్నికకు రిటర్నింగ్ అధికారి ఆ దేశ ప్రధాన న్యాయమూర్తి. రాజ్యాంగం 32వ సెక్షన్‌లో ఇదంతా ఉంది. చదవండి, భాష పెద్ద కష్టంగా ఉండదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. 2024 అక్టోబర్ 30న 61 స్థానాలకు ఎన్నికలు జరిగాయి. సగం అంటే ముప్పైన్నర, కాబట్టి 31 కావాలి. 1966లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ఏకబిగిన 58 ఏళ్లు ఏలిన బోట్స్వానా డెమోక్రటిక్ పార్టీకి, క్లుప్తంగా బీడీపీకి, దక్కినవి 4. అక్షరాలా నాలుగే. అంబ్రెల్లా ఫర్ డెమోక్రటిక్ ఛేంజ్ అనే కూటమికి 36 వచ్చాయి. పేరుకు తగ్గట్టే పార్టీలు కలిసి పట్టుకున్న గొడుగు అది. ఆ 36 మంది నామినేషన్లలోనూ ఉన్న పేరు డూమా బోకో. నవంబర్ 1న ఆయన ప్రమాణం చేశారు. ఓడిన అధ్యక్షుడు మొక్వీట్సీ మసీసీ పూర్తి ఫలితాలు రాకముందే ఓటమి ఒప్పుకుని అభినందించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. సీట్ల పక్కనే ఓట్ల శాతం కూడా రాసుకోండి. గెలిచిన కూటమికి సుమారు 37 శాతం, బీడీపీకి దాదాపు 30 శాతం. ఓట్లలో రెండో స్థానంలో ఉన్న పార్టీ సీట్లలో నాలుగో స్థానానికి జారిపోయింది. మన లోక్‌సభకు ఉన్న పద్ధతే, నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లే గెలిచినట్టు. బీడీపీ దీని మీద ఫిర్యాదు చేయడానికి మొహం చెల్లదు లెండి. 2014లో సగం ఓట్లు కూడా రాకుండానే 57లో 37 సీట్లు అదే పద్ధతిలో పట్టుకుపోయింది.

మొదటి ప్రశ్నకు ఇంకో సగం జవాబు ఉంది. ఎన్నికే లేకుండా కూడా అధ్యక్షుడు కావచ్చు. 1997లో రాజ్యాంగాన్ని సవరించి, అధ్యక్షుడు మొత్తం మీద పదేళ్లకు మించి ఉండకూడదన్నారు. మధ్యలో ఖాళీ వస్తే ఉపాధ్యక్షుడు నేరుగా ఆ కుర్చీలో కూర్చోవచ్చన్నారు. ఆ తర్వాత తేదీలు చూడండి. 1998 ఏప్రిల్ 1న ఫెస్టస్ మొగాయ్, 2008 ఏప్రిల్ 1న ఇయాన్ ఖామా, 2018 ఏప్రిల్ 1న మసీసీ. మూడుసార్లూ ఏప్రిల్ ఒకటే, మూడుసార్లూ బ్యాలెట్ పెట్టె ఊసే లేదు. ఎన్నికలు మరుసటి ఏడాది అక్టోబర్‌లో. అంటే కొత్తాయన ఏడాదిన్నర పాటు కుర్చీ అలవాటు చేసుకుని, అధ్యక్షుడి హోదాలోనే ప్రచారానికి వెళ్తాడు. ఎవరు వేసిన ఎత్తో గానీ భలే ఎత్తు.

రెండో ప్రశ్న, దించడం. మన దగ్గర అవిశ్వాసం నెగ్గితే ప్రధాని ఇంటికి పోతాడు, లోక్‌సభ ఉంటుంది. అక్కడ ప్రభుత్వం మీద అవిశ్వాసం నెగ్గాక అధ్యక్షుడు రాజీనామా చేయకపోతే పార్లమెంటే రద్దవుతుంది. చెయ్యెత్తిన ఎంపీ మళ్లీ ఊళ్లోకి వెళ్లి ఓట్లడుక్కోవాలి. ఈ ఒక్క నియమం వల్ల ఎంతమంది ఎత్తబోయిన చెయ్యి దించేసుకుంటారో ఊహించుకోండి.

మూడో ప్రశ్నకు 47వ సెక్షన్ చాలు. వేరేగా చెప్పిన చోట తప్ప, అధ్యక్షుడు సొంత విచక్షణతో నిర్ణయం తీసుకోవచ్చు, ఎవరి సలహాకూ కట్టుబడనక్కర్లేదు అంటుందది. దీని పక్కన మన 74వ అధికరణం పెట్టుకుని చదవండి. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారమే నడవాలి. మన పత్రికలు మన దేశాధినేతని రాష్ట్రపతి అనీ, వేరే దేశాల వాళ్లని అధ్యక్షుడనీ రాయడం ఇలాంటి చోట బాగా పనికొస్తుంది. బోట్స్వానాలో ఉన్నది ముమ్మాటికీ అధ్యక్షుడే. మన ముఖ్యమంత్రి వచ్చిన దారిలో వస్తాడు, వచ్చాక అమెరికా అధ్యక్షుడంత బిగువుగా కూర్చుంటాడు. పైగా పార్లమెంటులో సభ్యుడు కూడా. ఆరుగురు ప్రత్యేక సభ్యులకు ఆయన పేర్లు ప్రతిపాదిస్తాడు, సభ ఎన్నుకుంటుంది. వీళ్లు అధ్యక్షుడు వచ్చాక వచ్చేవాళ్లు కాబట్టి ఇందాకటి 31 లెక్కలో కలపకండి. చాలామంది కలిపేస్తారు.

ఇక ఈ మూడు ప్రశ్నలకూ అందని సంగతి ఒకటుంది. దాన్ని వదిలేస్తే బోట్స్వానా సగమే చదివినట్టు. అక్కడ ప్రతి ఊరికీ ఒక ఖోట్లా ఉంటుంది. మన రచ్చబండ లాంటిది. అర్ధచంద్రాకారంలో పాతిన కర్రల దడి, దాని ముందు ఆరుబయట జనం, ఎదురుగా ఖోసి అంటే పెద్ద. మంత్రులు కూడా కొత్త విధానం ఏదైనా తెచ్చేటప్పుడు ఇక్కడికొచ్చి చెప్పుకోవడం ఆనవాయితీ. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. ఖోసి అందరిదీ విన్నాక చివర్లో మాట్లాడతాడు. "మ్మువాలేబే ఓ బువా లా హాహ్వే" అని వాళ్ల సామెత. చెడ్డ మాట మాట్లాడేవాడికైనా తన మాట తాను చెప్పుకునే హక్కుంది అని. సెట్స్వానా భాషలో గ అక్షరాన్ని గొంతులోంచి హ లాగా పలుకుతారు. రాజధాని గాబరోన్ కూడా వాళ్ల నోట హాబొరోనే అని వినిపిస్తుంది.

ఈ ఖోసీలకు పైస్థాయిలో న్ట్లో యా డిఖోసి అనే సభ ఉంది. పెద్దల ఇల్లు అని అర్థం. మన రాజ్యసభలా బిల్లు ఆపే శక్తి దానికి లేదు. తెగల వ్యవహారాలు, ఆచార న్యాయం మీద బిల్లు వస్తే దానికి పంపి 30 రోజులు ఆగాలి, అంతే. కాబట్టి మీ పేజీలో దీన్ని రెండో సభగా రాయకండి, సలహా సభ అని రాయండి.

ఇంటిపని. 2019లో 57 స్థానాలకు ఎన్నికలు జరిగాయి, బీడీపీకి 38 వచ్చాయి. అధ్యక్షుడికి కావలసింది ఎన్ని, ఎన్ని మిగిలాయి? ఇది వేడెక్కడానికి. అసలు ప్రశ్న ఇది: ఎవరి పేరుకూ సగం దాటకపోతే ఏమవుతుంది? జవాబు నేను చెప్పను, బోట్స్వానా రాజ్యాంగం తెరిచి 32, 35 సెక్షన్లు పక్కపక్కన పెట్టుకుని చదివి ఐదు వాక్యాల్లో రాయండి.

వచ్చే పాఠంలో పక్కనే ఉన్న దక్షిణాఫ్రికా. అక్కడ 2024లో పాలక పార్టీ ఏఎన్‌సీకి 400లో 159 సీట్లే వచ్చాయి, ఆ పార్టీ నాయకుడు రామఫోసాకు మాత్రం అధ్యక్ష పదవికి పార్లమెంటులో 283 ఓట్లు పడ్డాయి. మిగతా 124 ఎక్కణ్నుంచి వచ్చాయో ఈలోగా ఆలోచించి పెట్టుకోండి.