నల్గొండలో రొయ్యలు కొనేముందు ఏం అడగాలి, ఏం చూడాలి

సముద్రం మనకు దూరమే, అయినా నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ మార్కెట్లకు ఆదివారం పోతే రొయ్యలు కనిపిస్తూనే ఉంటాయి. చాలావరకు కోస్తా ఆంధ్ర చెరువుల్లో పెంచినవే. అక్కడి నేలకూ నీళ్లకూ జరిగే మంచిచెడుల్లో మన డబ్బుకూ వాటా ఉంది కాబట్టి కొనేముందు నోరు తెరిచి అడగండి.

మొదట జాతి అడగండి. వనామి అంటే అది పెంపకపు రొయ్యే. అమెరికా ఖండాల పసిఫిక్ తీరం దాని సొంత ప్రాంతం, మన దేశంలో సాగుకు 2009లో అనుమతిచ్చారు. అందుకే "సముద్రంలో పట్టిన వనామి" అంటే నమ్మకండి. టైగర్ అయితే పెంచిందైనా కావొచ్చు, వలలో పడిందైనా కావొచ్చు.

తర్వాత ఏ ఊరి చెరువుదో అడగండి. నాకు అన్నిటికంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే ఊరు తెలిస్తేనే అసలు ప్రశ్న అడగగలం: పట్టుబడి అయ్యాక ఆ చెరువు నీళ్లు, అడుగు బురద ఎటు పోతున్నాయి? మిగిలిన మేత, రొయ్యల మలం కలిసిన నీళ్లను శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలేస్తే కాలువలో ఆక్సిజన్ పడిపోతుంది, రోగాలు పక్క చెరువుకు పాకుతాయి, ఉప్పు ఇంకితే పక్కన వరి పొలం, తాగునీటి బావి రెండూ పోతాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాలు నష్టపోయిన జిల్లా మనది, బావి చెడిపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. తీరంలో రొయ్యల చెరువుల మీద 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది, 2005లో తీరప్రాంత చెరువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. అందుకే "రిజిస్ట్రేషన్ ఉన్న చెరువేనా అన్నా?" అని అడగండి. చిల్లర దుకాణంలో తెలియకపోవచ్చు, హోల్‌సేల్ వాళ్లను కనుక్కుని చెప్పమనండి. నాలుగు వారాలు నలుగురు అడిగితే వాళ్లే కనుక్కుంటారు.

ఫ్రోజెన్ ప్యాకెట్ అయితే ఐసు తీసేసిన బరువు, ప్యాక్ చేసిన తేదీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ చూడండి. బాధ్యతగా పెంచారని చెప్పే ఏఎస్‌సీ, బీఏపీ సర్టిఫికెట్ల ముద్ర ఉంటే ఇంకా మంచిది.

రొయ్యలతో పాటు చేపలూ కొంటాం కదా, పండుగొప్ప లాంటి చేపలు మాంసాహారులు, వాటి మేతలో సముద్రంలో పట్టిన చిన్న చేపల పొడి పడుతుంది. అప్పుడప్పుడు తినండి, వారం వారం తినడానికైతే మన చెరువుల రవ్వ, బొచ్చె మేలు. తీరానికి పోయినప్పుడు శుభ్రమైన నీళ్లలో పెంచిన ఆల్చిప్పలు దొరికితే వదలకండి, వాటికి మేతే వేయక్కర్లేదు, నీళ్లను వడకట్టుకుని బతుకుతాయి.

ఇంటికి తెచ్చాక పచ్చి తలలు, పొట్టు చెరువులోనో వాగులోనో పారేయొద్దు, గాలానికి ఎరగానూ వాడొద్దు. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వైరస్ వాటిలో ఉండొచ్చు, అది మనుషులకు ఏమీ చేయదు కానీ ఐసులో పెట్టినా చావదు, మన నీళ్లలోని పీతలకు, నీలకంఠ రొయ్యలకు అంటుకునే ప్రమాదం ఉంది. కుక్కలు తవ్వకుండా కాస్త లోతుగా గుంత తీసి, నిమ్మచెట్టు దగ్గర పూడ్చేయండి.