భార క్వార్కుల జంటలు – 4వ పాఠం: ఎడం చూసి బలాన్ని పట్టుకోవడం

కిందటి పాఠంలో ఛార్మోనియం (ఛార్మ్ క్వార్కు, దాని ప్రతిక్వార్కు కలిసిన జంట), బాటమోనియం (బాటమ్ క్వార్కుతో అలాంటి జంట) శక్తి స్థాయిల పట్టిక గీసుకున్నాం. ఈసారి ఆ పట్టిక మీదే పని. కాగితం, పెన్ను, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. రెండు స్థాయిల మధ్య ఎడం ఎంతో తెలిస్తే చాలు, క్వార్కునూ ప్రతిక్వార్కునూ కలిపి ఉంచే బలం ఏ తీరుదో చెప్పేయొచ్చు. ఈ పాఠాలన్నిటిలో మీ చేతిలో ఎక్కువ కాలం నిలిచే పనిముట్టు ఇదేనని నా నమ్మకం. అందుకే నిదానంగా వెళదాం.

ముందు ఈ అంకెలు రాసుకోండి. ఛార్మ్ జంట అయిన జే-సై ద్రవ్యరాశి 3097 ఎంఈవీ (కణాల బరువును శక్తిగా చెప్పే కొలమానం), దాని పై మెట్టు సై-2ఎస్ 3686. తేడా 589. బాటమ్ వైపు అప్సిలాన్ 9460, అప్సిలాన్-2ఎస్ 10023. తేడా 563.

ద్రవ్యరాశుల్ని వదిలి తేడాలే ఎందుకు తీసుకున్నామంటే, ఆ ద్రవ్యరాశిలో పెద్ద వాటా రెండు క్వార్కుల సొంత బరువే. తీసివేత చేయగానే అది పోతుంది, బంధం లెక్క మిగులుతుంది. పై మెట్టుకూ కింది మెట్టుకూ స్పిన్ల (క్వార్కుల సొంత తిరుగుడు లాంటి గుణం) అమరిక ఒకటే కాబట్టి ఆ గొడవ కూడా చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. క్వార్కును ఇరుకు చోట బంధిస్తే, అనిశ్చితత్వ సూత్రం ప్రకారం దాని ద్రవ్యవేగం దూరానికి విలోమానుపాతంలో పెరుగుతుంది. గతిజ శక్తి అంటే ద్రవ్యవేగం వర్గాన్ని ద్రవ్యరాశితో భాగించడమేగా (2 లాంటి స్థిరాంకాల్ని వదిలేద్దాం). కాబట్టి:

గతిజ శక్తి = 1 ÷ (ద్రవ్యరాశి × దూరం × దూరం)

ఇది జంటను విడదీయాలని చూస్తుంది, స్థితిజ శక్తి దగ్గరకు లాగుతుంది. రెండూ సమ ఉజ్జీ అయిన దూరం దగ్గర జంట కుదురుకుంటుంది.

మొదట, బలం హైడ్రోజన్ పరమాణువులో ఉన్నట్టే ఉందనుకోండి. అప్పుడు స్థితిజ శక్తి పరిమాణం 1 ÷ దూరం. రెండిటినీ సమానం చేస్తే దూరం = 1 ÷ ద్రవ్యరాశి, శక్తి = ద్రవ్యరాశి. అంటే క్వార్కు బరువు ఎన్ని రెట్లయితే ఎడం అన్ని రెట్లు పెరగాలి.

రెండోది, స్థితిజ శక్తి దూరంతో పాటు నేరుగా పెరుగుతుందనుకోండి. ఈసారి దూరం ఘనం = 1 ÷ ద్రవ్యరాశి అని వస్తుంది. శక్తి కూడా దూరమంతే కాబట్టి, బరువు పెరిగేకొద్దీ ఎడం దాని ఘనమూలం మేరకు తగ్గాలి. ఈ రెండు మెట్లూ మీ చేత్తో ఒకసారి రాసి చూసుకోండి. చదివితే తేలికే అనిపిస్తుంది కానీ, రాస్తేనే వంటబడుతుంది.

ఇక అంకెలు వేద్దాం. ఈ రకం నమూనాల్లో ఛార్మ్‌కు సుమారు 1.5 జీఈవీ (ఒక జీఈవీ అంటే 1000 ఎంఈవీ), బాటమ్‌కు సుమారు 4.8 జీఈవీ తీసుకుంటారు. నిష్పత్తి 3.2. హైడ్రోజన్ తరహా అయితే బాటమ్ వైపు ఎడం 589 × 3.2, అంటే దాదాపు 1885 ఎంఈవీ ఉండాలి. రెండో తరహా అయితే 589 ÷ 1.47, అంటే దాదాపు 400. కొలతలో వచ్చింది 563!

బరువు మూడింతలు దాటినా ఎడం దాదాపు కదల్లేదు. ఇది నన్ను ఇప్పటికీ కదిలించే ఫలితం. 1977లో ఫెర్మీల్యాబ్‌లో లెడర్‌మాన్ బృందం అప్సిలాన్‌ను కనుక్కుంది. అదే ఏడాది భౌతిక శాస్త్రవేత్తలు క్విగ్, రోజ్‌నర్ ఈ పోలికను పట్టుకుని, స్థితిజ శక్తి దూరపు లాగరిథమ్‌లా మారితే ఎడం బరువు మీద అసలు ఆధారపడదని చూపించారు.

అలాగని ప్రకృతిలో ఉన్నది లాగరిథమ్ బలమని తీర్మానించకండి. దగ్గర్లో హైడ్రోజన్ తరహా, దూరంలో నేరుగా పెరిగే తరహా, ఈ రెండిటి మొత్తమే కార్నెల్ పొటెన్షియల్. జే-సైలో క్వార్కుల మధ్య దూరం సుమారు 0.5 ఫెర్మీ (ఒక ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటరు), అప్సిలాన్‌లో సుమారు 0.3. ఒక తరహా నుంచి ఇంకో తరహాకు మారే ప్రాంతం సరిగ్గా అదే. అక్కడ ఆ మొత్తం లాగరిథమ్‌లా కనిపిస్తుంది. దూరపు భాగంలో ఒక్కో ఫెర్మీకి సుమారు 0.9 జీఈవీ ఖర్చవుతుంది. న్యూటన్లలోకి మార్చి చూడండి: సుమారు 1,44,000. దాదాపు 15 టన్నుల బరువును మోసేంత బలం, ప్రోటాన్ కన్నా చిన్న చోట!

ఈ పద్ధతిని ఎంతవరకు నమ్మాలి? ఛార్మ్ జంటలో వేగం వర్గం కాంతి వేగం వర్గంలో సుమారు 0.3 వంతు, బాటమ్‌లో 0.1 వంతు. అంటే సాపేక్షతా సవరణలు బాటమ్‌లో చిన్నవే కానీ, ఛార్మ్‌లో తీసిపారేయదగ్గవి కావు. బలం ఏ తీరుదో తేల్చడానికి ఈ లెక్క సరిపోతుంది. చివరి అంకె దాకా లాగొద్దు.

అభ్యాసం: అప్సిలాన్-3ఎస్ ద్రవ్యరాశి 10355. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య ఎడాన్ని మొదటి ఎడంతో భాగించండి. హైడ్రోజన్‌లో ఈ నిష్పత్తి 0.185, నేరుగా పెరిగే స్థితిజ శక్తికి 0.82. మీ జవాబు వీటిలో దేనికి దగ్గరగా ఉంది, ఎందుకు? ఇదే లెక్క ఛార్మ్‌తో చేయబోతే మూడో మెట్టు 3730 ఎంఈవీ హద్దు దాటి ఉంటుంది. ఆ హద్దు పైన జంట రెండు డీ-మెసాన్లుగా (ఒక్కోదానిలో ఛార్మ్ తరహాది ఒకటి, తేలిక క్వార్కు తరహాది ఒకటి ఉండే కణాలు) విడిపోగలదు కాబట్టి, స్థాయి చోటు జరిగిపోతుంది. ఆ హద్దు సంగతి ఐదో పాఠంలో.