నగరపాలక సంస్థలో కలిసిపోయిన ప్రాంతానికి వార్డు స్థాయి జనగణన వివరాలు పొందే విధానం: గాజువాక ఉదాహరణ

2001 జనగణన నాటికి గాజువాక ప్రత్యేక పురపాలక సంఘం కాబట్టి దాని జనాభా, అక్షరాస్యత, ఉపాధి వివరాలు ఆ పేరుతోనే వెలువడ్డాయి. 2005లో గాజువాకనూ, మరో 32 గ్రామాలనూ విలీనం చేసి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశాక, 2011 పట్టికల్లో గాజువాక పట్టణమనే వరుస లేదు. ఆ ప్రాంతం నగరం పేరు కింద వార్డు నంబర్లుగా మాత్రమే కనిపిస్తుంది. అంగన్‌వాడీ కోసమో, మంచినీటి పైపులైను కోసమో అర్జీ పెట్టే కాలనీ సంఘం నగరం మొత్తానికి చెందిన అంకెను జతపరిస్తే ఆ అర్జీకి బలం ఉండదు. తమ ప్రాంతం అంకెలను విడిగా తీసుకోవడం సాధ్యమే, అందులో చాలా భాగం ఉచితం కూడా.

అంకెల కంటే ముందు హద్దు తేల్చుకోవాలి. 2011 జనగణన కోసం పరిపాలనా సరిహద్దులను 2009 డిసెంబరు 31 నాటి స్థితిలో స్థిరపరిచారు. అప్పటికి విశాఖలో ఉన్నవి 72 వార్డులు. 2021 ఎన్నికలు జరిగినవి 98 వార్డులకు. అందువల్ల నేటి వార్డు నంబరు పట్టుకుని 2011 పట్టికలో అదే నంబరును చూస్తే వేరే ప్రాంతం అంకె చేతికి వస్తుంది. ఇక్కడ జరిగే పొరపాటు పైకి కనిపించదు, ఎందుకంటే వచ్చిన అంకె నమ్మదగినట్లే ఉంటుంది. కాబట్టి 72 వార్డుల నాటి సరిహద్దుల వివరణను, అంటే ఉత్తరాన ఏ రోడ్డు, తూర్పున ఏ గెడ్డ (వాగు) అని రాసి ఉండే ఉత్తర్వునూ, పటాన్నీ ముందుగా నగరపాలక సంస్థ నుంచి తీసుకోవాలి.

అంకెలు జనగణన శాఖ వెబ్‌సైటులో 'ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్' అనే పట్టికలోనూ, జిల్లా జనగణన కరదీపిక రెండో భాగంలోనూ ఉంటాయి. 2022లో జిల్లాలు విడిపోయినప్పటికీ 2011 దస్త్రంలో వెతకవలసింది ఉమ్మడి విశాఖపట్నం జిల్లానే. ఎక్సెల్ దస్త్రం తెరిచి నగరం పేరు పక్కన 'వార్డ్ నంబర్' అని ఉన్న వరుసలను మాత్రమే వడపోసుకోవాలి. మండలం పేరుతో కనిపించే వరుసను పాత పురపాలక సంఘానికి సమానమని భావించరాదు. ఆ రెండింటి హద్దులు వేరు. ప్రతి వార్డుకూ కుటుంబాల సంఖ్య, మొత్తం జనాభా, 0-6 ఏళ్ల (ఏడేళ్లు నిండని) పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, అక్షరాస్యులు, పనిచేసేవారు అనే గడులు స్త్రీ పురుషుల వారీగా ఉంటాయి. అక్షరాస్యత శాతం కట్టేటప్పుడు మొత్తం జనాభాలోంచి 'పీ-06' గడిలోని పిల్లల సంఖ్యను తీసివేసి, మిగిలిన దానితో అక్షరాస్యులను భాగించాలి. జనగణన లెక్క ఏడేళ్లు, ఆపై వయసు వారికే వర్తిస్తుంది. కాలనీ రెండు వార్డుల్లో పడితే రెండింటి అంకెలనూ కలిపి, ఏయే వార్డులను కలిపారో అర్జీలో రాయడం న్యాయం. మరుగుదొడ్డి, తాగునీరు, ఇంటి పైకప్పు వంటి వివరాలకు ఇళ్ల జాబితా పట్టికలను విడిగా చూడాలి.

వార్డు కంటే చిన్నదైన గణన బ్లాకు వివరాలను ప్రజలకు ప్రచురించరు. ఒక్కొక్క ఇంటి పత్రాన్ని అడగడం అసలే కుదరదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డులను పరిశీలించే హక్కు ఎవరికీ లేదు. ఈ గోప్యత ఉన్నందువల్లనే జనం నిజం చెబుతారు కాబట్టి దానిని అడ్డంకిగా చూడకూడదు.

వెబ్‌సైటులో దొరకని వాటికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలి. వార్డు పటాన్ని నగరపాలక సంస్థ పౌర సమాచార అధికారిని అడగాలి; జనగణన పట్టికల విషయమైతే కేంద్ర హోం శాఖ పరిధిలోని జనగణన సంచాలకుల కార్యాలయానికి రాయాలి, దీనికి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారు ధ్రువపత్రం జతచేస్తే రుసుము అక్కరలేదు. "మా కాలనీ జనాభా ఎంతో లెక్కకట్టి తెలపండి" అని రాస్తే తిరస్కరించే వీలుంది, ఎందుకంటే తమ వద్ద ఉన్న సమాచారాన్ని ఇవ్వడమే అధికారి బాధ్యత, కొత్తగా లెక్క తయారుచేయడం కాదు. "2011 జనగణనకు వాడిన 72 వార్డుల సరిహద్దుల ఉత్తర్వు, పటం నకళ్లు ఇప్పించగలరు" అని రికార్డు పేరు చెప్పి అడగాలి. దరఖాస్తు వేరే కార్యాలయానికి చేరినా 6(3) సెక్షన్ కింద ఐదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ కాగా, సరిహద్దులు 2025 డిసెంబరు 31 నాటివి. ఆ నాటి వార్డు పటాన్ని కూడా ఇదే దరఖాస్తులో అడిగి సంఘం దగ్గర భద్రపరచుకుంటే, తర్వాత వార్డులు మళ్లీ మారినా కొత్త పట్టికలను చదవడం తేలికవుతుంది.