అద్దంతో వెలుగు – 3వ పాఠం: చీకటి గదిలోకి ఎండను పంపడం

పోయిన పాఠంలో గుండుసూదులతో ఒక సంగతి తేల్చుకున్నాం. కిరణం అద్దాన్ని తాకిన చోట లంబం గీస్తే, వచ్చే కిరణం దానితో ఎంత కోణం చేస్తుందో వెళ్లే కిరణమూ అంతే చేస్తుంది. ఈసారి దాన్ని పనిలో పెడదాం.

అనంతపురం పాతూరులో ఒక పాత మిద్దె ఇల్లు అనుకోండి. గది వాకిలి ఉత్తరానికి ఉంది, గవాచి (పైకప్పులో వెలుగు కోసం వదిలే కంత) మూసేశారు. పట్టపగలు కూడా లోపల లైటు వేయాల్సిందే. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం ఇంటి నీడ దాటి, వాకిలికి ఎదురుగా ఎండలో అద్దం నిలబెట్టండి. నిటారుగా పెడితే వెలుగు నేల మీదే పడుతుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి అద్దాన్ని అటూ ఇటూ తిప్పేస్తారు. అలా తిప్పొద్దు, లెక్క కట్టండి.

ముందు సూర్యుడి ఎత్తు కావాలి. మీటరు కర్ర నిటారుగా నిలిపి నీడ కొలవండి. ఆ రోజుల్లో 78 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. కాగితం మీద 10 సెంటీమీటర్ల నిలువు గీత, 7.8 అడ్డగీత గీసి, కొనలు కలిపి అడ్డగీత దగ్గరి కోణం కొలిస్తే 52 డిగ్రీలు. వెలుగు అడ్డంగా గదిలోకి పోవాలి కాబట్టి సూర్యుడికీ గదికీ మధ్య కోణం కూడా 52 డిగ్రీలే. లంబం సరిగ్గా ఆ రెంటి నడుమ ఉండాలి, అంటే అద్దాన్ని 26 డిగ్రీలు వెనక్కి వాల్చాలి. అద్దం పక్క అంచుకు కోణమానిని అంటించి, దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీస్తే వాలు తెలిసిపోతుంది.

అద్దాన్ని చేత్తో పట్టుకోకండి. అది ఒక్క డిగ్రీ కదిలితే వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది. 6 మీటర్ల దూరంలోని గోడ మీద అది 20 సెంటీమీటర్ల పైమాటే! వెనక కడప బండ ముక్క ఆనించి కదలకుండా పెట్టండి. రోడ్డు మీద పోయేవాళ్ల కళ్లలో మాత్రం వెలుగు పడనీయొద్దు, బండి నడిపేవాళ్లకు ప్రమాదం.

ఇప్పుడు గోడ మీద వెలుగు అంచున సుద్దతో గీత గీసి 4 నిమిషాలు ఆగండి. వెలుగు దాదాపు 10 సెంటీమీటర్లు తూర్పుకు జరిగి ఉంటుంది. సూర్యుడు పడమరకు పోతుంటే గోడ మీద వెలుగు తూర్పుకు పోతోంది. ఎందుకో బొమ్మ గీసి చూడండి.

మార్చి 21న మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడి ఎత్తు సుమారు 75 డిగ్రీలు. ఆ రోజు అద్దం ఎంత వాల్చాలో లెక్క కట్టి ఉంచండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.