ఓపెనర్ నిలకడ చూసుడెట్ల? యావరేజ్ జర పక్కకు పెట్టుండ్రి

మా హన్మకొండల ఆదివారం పొద్దున ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్ల ఆడేది రెండు గంటలు, ఆడినంక ఛాయ్ కాడ కొట్లాడేది మూడు గంటలు. కొట్లాట ఎప్పుడూ ఒక్కటే, వన్డేలల్ల ఏ ఓపెనర్‌ను నమ్మొచ్చు అని. ఒకడు ఫోన్ తీసి యావరేజ్ చదువుతడు, ఇంకోడు సెంచరీలు లెక్కపెడతడు, మూడోడు "అరేయ్ నిన్నటి మ్యాచ్ చూడలేదా నువ్వు" అని మీదికొస్తడు. నిలకడ గురించి ఈ మూడిట్ల ఏదీ సక్కగ చెప్పదు. నేను చూసే పద్ధతి రాస్తున్న, పెద్ద లెక్కలు రావాల్సిన పని లేదు, స్కోర్‌కార్డులు దొరికే సైటు ఒకటి, తెల్లకాయితం ఒకటి, పెన్ను ఒకటి ఉంటే అయిపోతది.

ముందుగాల ఆ బ్యాట్స్‌మన్ ఆడిన ఇన్నింగ్స్ అన్ని తారీఖుల వరుసల రాసుకోవాలె. రోహిత్ శర్మ ఆడిన రెండు వరల్డ్ కప్పులు తీస్కుందాం, మనిషి ఒక్కడే, రెండుసార్లూ ఓపెనింగే, నడుమ నాలుగేండ్ల తేడా. 2019ల ఇంగ్లాండ్‌ల కొట్టినవి: 122 నాటౌట్, 57, 140, 1, 18, 102, 104, 103, 1. 2023ల మన కాడ కొట్టినవి: 0, 131, 86, 48, 46, 87, 4, 40, 61, 47, 47.

యావరేజ్ చూస్తే 2019ది 81, 2023ది 54 చిల్లర. ఐదు సెంచరీలు ఒక దిక్కు, ఒక్క సెంచరీ ఇంకో దిక్కు. ఎవ్వరినడిగినా 2019 రోహితే అంటరు, పరుగులల్ల అది నిజమే, 648 ఎక్కడ 597 ఎక్కడ, అది గూడ రెండు ఇన్నింగ్స్ తక్కువ ఆడి. కానీ మన ప్రశ్న ఎవడు ఎక్కువ కొట్టిండు అని కాదు గదా, ఎవడు ఎన్నిసార్లు చెయ్యిచ్చిండు అని. ఇప్పుడు 20 లోపు అయిన స్కోర్ల మీద ఎర్ర పెన్నుతోని గీత పెట్టు. 2019ల తొమ్మిదిట్ల మూడు, 2023ల పదకొండిట్ల రెండే. 2023ల మిగిలిన తొమ్మిది ఇన్నింగ్స్ అన్నీ 40, ఆ పైన. 2019ల ఏమో 20కి 50కి నడుమ ఒక్క స్కోరు లేదు, ఆడితే దంచుడే, లేకుంటే ఒట్టి చేతులతోని వచ్చుడే. ఆ సెమీఫైనల్ యాదికి తెచ్చుకుంటే ఇప్పటికీ కడుపుల తిప్పుతది, రోహిత్ 1, రాహుల్ 1, కోహ్లీ 1, టీమ్ 5 పరుగులకు 3 వికెట్లు.

ఎర్ర గీతలు ఎన్ని ఉన్నయ్ అన్నదే కాదు, ఒకదాని పక్కన ఒకటి పడ్డయా అని గూడ చూడాలె. 2019ల 1, 18 వెంటవెంట వచ్చినయ్. 2023ల 0 తర్వాత 131, 4 తర్వాత 40, అంటే ఎన్నడూ రెండు మ్యాచులు వరుసగా చేతులెత్తలేదు. తారీఖుల వరుసల రాయమన్నది ఇందుకే, సైట్లల్ల పెద్ద స్కోరు నుంచి చిన్న స్కోరుకు పేర్చి ఇస్తరు, అట్ల చూస్తే ఈ సంగతి దొరకది.

నాటౌట్ల సంగతి జర గుర్తు పెట్టుకోవాలె. యావరేజ్ అంటే పరుగులను ఔట్లతోని భాగించుడు, ఇన్నింగ్స్‌తోని కాదు. 2019ల ఒక్క నాటౌట్‌తోనే 72 కావాల్సింది 81 అయింది. ఓపెనర్లకు నాటౌట్లు తక్కువనే ఉంటయ్ కాబట్టి ఇది మరీ ఘోరం కాదు, ఆరో నంబరోళ్లను ఓపెనర్లతోని పోల్చే మనుషులే దీంతోని ఆగమాగం చేస్తరు.

ఇంకోటి, పెద్ద స్కోరు ఒకటి తీసేసి మల్ల లెక్క చెయ్యుండ్రి. 2023 జనవరి 18న ఉప్పల్ల న్యూజిలాండ్ మీద శుభ్‌మన్ గిల్ 149 బంతులల్ల 208 కొట్టిన మ్యాచుకు మేం నలుగురం పోయినం, హన్మకొండల బస్సు ఎక్కితే ఉప్పల్ క్రాస్ రోడ్స్ కాడనే దిగొచ్చు, అట్ల మాకు ఉప్పల్ అంటే పక్కూరు లెక్క. ఆ రోజు మనోళ్లల్ల గిల్ తర్వాత ఎక్కువ స్కోరు రోహిత్‌ది, 34. (బ్రేస్‌వెల్ 78 బంతులల్ల 140 కొట్టి మా పానం తీసిండు, 12 పరుగులతోని గెలిచినం, అది వేరే కథ.) అసొంటి 208 ఒకటి పది ఇన్నింగ్స్ లిస్టుల పడితే అదొక్కటే సగటుకు 21 పరుగుల దాక పెడతది, మిగిలిన తొమ్మిదిట్ల మనోడు ఏం చేసిండో కనపడనియ్యది. రోహిత్ 2023 లిస్టుల 131 తీసేస్తే సగటు 54 నుంచి 46 చిల్లరకు వస్తది, అంటే పెద్దగ కూలలేదు. తీసేసినంక సగానికి సగం పడిపోతే మాత్రం ఆ యావరేజ్ ఒక్కనాటి పెండ్లి అని అర్థం చేస్కోవాలె.

చదువుకున్న దోస్తులు మధ్య స్కోరు చూడమంటరు, అంటే స్కోర్లన్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి సరిగ్గ నడుమల ఉన్నది. మంచిదే, నేను గూడ చూస్త, కానీ ఒక్కదాన్నే నమ్మద్దు. రోహిత్ 2019 మధ్య స్కోరు 102, 2023ది 47, దీన్ని పట్టుకుంటే 2019 రోహిత్ రెండింతలు నిలకడ అనాలె, ఎర్ర గీతలేమో ఉల్టా చెప్తున్నయ్. ఇంకొందరు ఫోన్ల షీట్ తెరిచి స్టాండర్డ్ డీవియేషన్ కొడతరు, అంటే స్కోర్లు సగటుకు ఎంత దూరం దూరం పడుతున్నయో చెప్పే లెక్క. 8, 11, 9, 12 కొట్టేటోనికి అది మస్తు తక్కువ వస్తది, వాడు నిలకడగనే ఆడుతుండు, నిలకడగ చెత్తగ.

ఈ 20 అనే గీత ఏమన్న శాస్త్రమా అంటే కాదు. ఓపెనర్ పని కొత్త బంతిని దాటించుడు, మొదటి పది ఓవర్లు సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు కాబట్టి ఆ సందుల పరుగులు తీసుడు, నేను 20ని దానికి గుర్తుగ పెట్టుకున్న అంతే. ఇంకా సక్కగ చూడాలంటే స్కోర్‌కార్డు కింద వికెట్లు ఏ ఓవర్ల పడ్డయో ఒక లైన్ ఉంటది, మనోళ్లు దాన్ని చూడనే చూడరు, అసలు సరుకంత అండ్లనే ఉంటది. 2023 ఫైనల్ల రోహిత్ ఔటయింది 9.4 ఓవర్ల కాడ, అప్పటికి టీమ్ స్కోరు 76. సెమీఫైనల్ల 8.2 ఓవర్ల కాడ, స్కోరు 71. పది ఓవర్లు నిలవలేదు, 50 గూడ కొట్టలేదు, 31 బంతులల్ల 47, 29 బంతులల్ల 47, కానీ టీమ్‌కు పునాది పోసిపోయిండు. గదే 47 డెబ్బై బంతులల్ల వస్తే నేనైతే సగం మార్కులే వేస్త.

స్ట్రయిక్ రేట్, అంటే నూరు బంతులకు ఎన్ని పరుగులు అన్నది, వదిలేస్తే ఏమైతదో 1975 వరల్డ్ కప్పు చెప్తది, లార్డ్స్‌ల ఇంగ్లాండ్ 334 కొడితే గవాస్కర్ ఓపెనింగ్ దిగి 60 ఓవర్ల ఆట మొత్తం నిలబడి 174 బంతులల్ల 36 నాటౌట్. ఎర్ర గీత పడది, నాటౌట్ కాబట్టి యావరేజ్ గూడ చెడది, మ్యాచ్ మాత్రం గంగల కలిసింది.

టోర్నమెంట్ ఒక్కటి చూసి తీర్పు చెప్పుడు తప్పే, పైన నేను అర్థమయ్యేటందుకు చూపెట్టిన. మనిషిని తూకం వెయ్యాలంటే కనీసం ముప్పై నలభై ఇన్నింగ్స్ ఉండాలె. అన్ని ఇన్నింగ్స్ రాసుకునే ఓపిక లేకపోతే దగ్గరి దారి ఒకటుంది, 50లు 100లు కలిపి మొత్తం ఇన్నింగ్స్‌ను దాంతోని భాగించు. హషీమ్ ఆమ్లా 178 ఇన్నింగ్స్‌ల 27 సెంచరీలు 39 ఫిఫ్టీలు, అంటే మూడు ఇన్నింగ్స్ లోపే ఒకటి. శిఖర్ ధావన్ 164 ఇన్నింగ్స్‌ల 17, 39, సుమారు మూడిటికి ఒకటి. సెహ్వాగ్ 245 ఇన్నింగ్స్‌ల 15, 38, అంటే నాలుగున్నర దాటినంక ఒకటి. సెహ్వాగ్ అంటే పానం ఇచ్చేటోళ్లు నన్ను తిట్టకుండ్రి, ఆయన స్ట్రయిక్ రేట్ 104, ఆ కాలంల అట్ల కొట్టే ఓపెనర్ ఉంటే నేను గూడ దినాం దింపుత, కానీ నిలకడ అని మాత్రం అనను. ధావన్‌ను మనోళ్లు తక్కువ చేసి చూసిండ్రని ఈ లెక్క చూసినప్పుడల్లా అనిపిస్తది.

కెరీర్ లెక్క తీసేటప్పుడు ఓపెనింగ్ ఆడినవి వేరే చెయ్యుండ్రి. సచిన్ 1989 నుంచి ఆడుతున్నా వన్డేలల్ల మొదటిసారి ఓపెనింగ్ దిగింది 1994 మార్చి 27న ఆక్లాండ్‌ల, సిద్ధూకు మెడ పట్టేసింది, కెప్టెన్ మన హైదరాబాద్ అజర్ సరే దిగు అన్నడు, 49 బంతులల్ల 82. మొత్తం కెరీర్ యావరేజ్ 44.83 అయితే ఓపెనర్‌గ ఒక్కటే చూస్తే 48.29. రోహిత్ గూడ 2013 దాక ఎక్కువ మిడిలార్డరే, ఆ ఇన్నింగ్స్ కలిపితే వేరే మనిషిని చూసినట్టుంటది.

ఇగ ఎక్కడ కొట్టిండు, ఎవల మీద కొట్టిండు అన్నది. లిస్టుల ప్రతి స్కోరు పక్కన దేశం పేరు రాస్తే చాలు, ఇంగ్లాండ్, న్యూజిలాండ్ల బంతి స్వింగ్ అయ్యే కాడ ఎర్ర గీతలన్ని ఒక్క దిక్కు పోగైతే మనోడు ఇంటి పులి అన్నట్టు. పాతోళ్లను కొత్తోళ్లను పోల్చేటప్పుడు రూల్స్ గూడ మారినయ్ అని మరువద్దు, 2011 నుంచి రెండు దిక్కుల రెండు కొత్త బంతులు, 2025ల మల్ల మార్చి 34 ఓవర్ల దాకనే రెండు, ఆ తర్వాత ఒక్కటే.

కాయితం మీద కనపడనిది ఒక్కటుంది, క్యాచులు వదిలేసుడు. 2019ల బంగ్లాదేశ్ మీద రోహిత్ 9 కాడ ఉన్నప్పుడు తమీమ్ ఇక్బాల్ చేతుల పడ్డ క్యాచ్ వదిలేసిండు, తర్వాత అది 104 అయింది. పట్టి ఉంటే ఇంకో ఎర్ర గీత, తొమ్మిదిట్ల నాలుగు. అందుకే హైలైట్స్ గూడ ఒకసారి చూడుమంట.

మా టీమ్‌ల గూడ పోయినేడు గిదే లెక్క పెట్టినం. అంతకుముందు యావరేజ్ చూసి ఒక తమ్మున్ని ఓపెనింగ్ దింపుతుంటిమి, వానికి ఒకసారి కొట్టిన 90 ఉండె, తర్వాత మూడు వారాలు మొదటి ఓవర్లనే వచ్చి చెట్టు కింద కూసున్నడు. స్కోర్ బుక్కు తిరగేస్తే ఎన్నడూ 40 దాటని మా బావ పేరు మీద ఎర్ర గీతలు అందరికంటే తక్కువున్నయ్, 22, 31, 18, 27, గట్ల పోతున్నయ్. ఇప్పుడు ఆయననే దింపుతున్నం. ఆ తమ్ముడు వన్‌డౌన్ వస్తుండు, ఛాయ్ కాడ నాతోని మాట్లాడ్తలేడు.